అశోక్‌నగర్ నెట్ సెంటర్లో నా ఓనమాలు

నా కూతురు మంజులను నేను ఆఖరిసారి కొట్టింది కీబోర్డుతో. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చదివేవాళ్లు నన్ను మంచివాడని అనుకున్నాక చివర్లో బయటపెడితే అది మోసం. మోసాలు నేను అప్పటికే కావలసినన్ని చేశాను.

మొన్న శ్రావణి చూడడానికి వచ్చింది. ఇప్పుడామె పక్క జిల్లాలో ప్రభుత్వ ఉద్యోగి. అప్పట్లో అశోక్‌నగర్లో ఆరు కంప్యూటర్ల నెట్ సెంటర్ చూసుకుంటూ పోటీ పరీక్షలకు చదువుకునేది. నల్లగొండ వైపు ఊరి పిల్ల. అరకిలో బాదుషాలు తెచ్చి బల్ల మీద పెట్టి, "కాకా, గప్పుడు నీకు పెట్టిచ్చిన యాడాన్‌లు గుర్తున్నయా? ఒక్కటి గూడ ఇప్పుడు పనిచేస్తలేదు. బ్రౌజర్లే మారిపొయినయి" అంది. "నేనైతే పనిచేస్తున్న గద బిడ్డా" అన్నాను. నవ్వింది కానీ ఎక్కువసేపు నవ్వలేదు. నా సంగతి ఆమెకు తెలిసినంత నా తోడబుట్టినవాళ్లకు కూడా తెలియదు. పోతూ పోతూ చెప్పుల్లో కాళ్లు పెట్టి, "రాయి కాకా. నీ చేతితోనే రాయి. సోకులు పెట్టకు" అంది. అందుకని రాస్తున్నాను.

చిన్నతనం గురించి రాసేవాళ్లు పలక, బలపం, పంతులు బెత్తం అని మొదలుపెడతారు. నాకు పలక లేదు. బెత్తం మాత్రం ఉండేది, అది మా నాయన చేతిలో ఉండేది. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఏడో ఏట. కాబట్టి నాకు చిన్నతనం అని చెప్పుకోదగ్గ కాలం ఏదైనా ఉంటే అది తల నెరిసిన తరువాత, తెలంగాణ కోసం రోజు విడిచి రోజు బందులు నడుస్తున్న ఆ రెండు మూడేళ్లే. అశోక్‌నగర్ గల్లీల్లో హాస్టళ్ల పిల్లలు పుస్తకాలు చంకలో పెట్టుకుని నినాదాలు ఇస్తూ పరుగెత్తేవాళ్లు, పోలీసులు లాఠీలతో వెంటపడేవాళ్లు, షట్టర్లు దడదడ పడేవి. అలా సగం దించిన షట్టరు కింద కూర్చుని నేను అ ఆలు దిద్దుకున్నాను.

అంతకుముందు ముప్పై ఏళ్లకు పైగా నారాయణగూడలో ఒక ప్రెస్సులో ట్రెడిల్ మిషను తొక్కాను. పెళ్లి పత్రికలు, బిల్లు పుస్తకాలు, బడి పిల్లల పరీక్ష కాగితాలు. కంపోజిటరు అక్షరాలు పేర్చి బిగించి ఇస్తే నేను కాగితం పెట్టి తీసేవాణ్ణి. ఎన్ని లక్షల మాటలు నా చేతుల మీదుగా పోయాయో లెక్కలేదు, అందులో ఒక్కటీ నాకు తెలియదు. తిరగేసి ఉన్నా సరిగ్గా ఉన్నా నాకు ఒకటే. ఓనరు మాత్రం రోజుకు పదిసార్లు అరిచేవాడు, ప్రూఫులో తప్పు కనబడితే గీటు పెట్టాలి, తప్పు అచ్చులో పోతే తోలు తీస్తానని. ఆ మాట చెవుల్లో అలా ఇంకిపోయింది. సాయంత్రం చిక్కడపల్లిలో మా రెండు గదుల కిరాయి పోర్షనుకు పోతే నా భార్య అండాలు గడప బయట కిరసనాయిలు గుడ్డ, బట్టల సబ్బు ముక్క, సగం బకెట్ వేడినీళ్లు పెట్టి ఉంచేది. ఎంత రుద్దినా వేళ్ల సందుల్లో సిరా పోయేది కాదు. అన్నం ముద్దలో కూడా కిరసనాయిలు వాసన వచ్చేది. ఆ వాసనే తన అన్నంలో కూడా వస్తుందని మంజుల చిన్నప్పుడు ఏడ్చేది. నేను ఆ చేత్తో ఆమె నోటికి ముద్ద పెట్టింది తక్కువ. ఆ చేత్తో ఆమెకు అందింది వేరే.

మా నాయన కూడా ప్రెస్సు మనిషే. ఆయనకొక అలవాటు ఉండేది. కొట్టే ముందు చేతి గడియారం విప్పి కిటికీలో పెట్టేవాడు, అద్దం పగులుతుందని. పట్టీ విప్పే ఆ కాస్త సేపు చాలు, మా అమ్మ మమ్మల్ని పక్క గదిలోకి నెట్టి తను ఎదురుగా నిలబడేది. నాకు గడియారం లేదు. కాబట్టి మా ఇంట్లో ఆ మాత్రం వ్యవధి కూడా ఎవరికీ దొరకలేదు. చెయ్యి లేచిన సంగతి నాకు తెలిసేసరికి అది దిగి ఉండేది. కారణాలు అడిగితే చెప్పలేను. కూరలో ఉప్పు. తువ్వాలు తడి. పక్కింటి రేడియో చప్పుడు. అండాలు ఏడో తరగతి దాకా చదువుకుంది. కిరాణా పొట్లం విప్పగానే ఆ కాగితం చదువుతూ పొయ్యి ముందు నిలబడిపోయేది. అది కూడా ఒక కారణమే. నా ఎదుట నా భార్య నాకు తెలియనిది చదువుతుంటే నన్ను వెక్కిరిస్తున్నట్టే ఉండేది. అన్నిటికన్నా పెద్ద కారణం, పిలిస్తే పలకకపోవడం. నేను గడపలో నిలబడి పిలుస్తాను, ఆమె పొయ్యి దగ్గర కూర్చుని తల కూడా తిప్పదు. పొగరు అనుకునేవాణ్ణి. రెండోసారి పిలవడం నా పద్ధతి కాదు.

మంజుల డిగ్రీ అయ్యి డీటీపీ నేర్చుకుని ఒక పాత కంప్యూటరు కొని ఇంట్లో పెట్టుకుంది. పగలు ఆ పని, ఖాళీ దొరికితే ఏదో టకటకా కొట్టేది. ఒక ఆదివారం పాలకు పోతే కిరాణా దుకాణం ఆయన పదిమంది ముందు, "ఏం నర్సింహ, మీ పిల్ల నెట్టుల మీ ఇంటి ముచ్చట్లు రాస్తున్నదంట గద. మా కోడలు సదివి ఏడ్సింది" అన్నాడు. ఒకడు పక్కకు తిరిగి నవ్వాడు. నేను పాల ప్యాకెట్లు తీసుకోకుండానే ఇంటికొచ్చాను.

"ఏం రాస్తున్నవే?" అన్నాను.

"ఏం లేదు నాయనా. వంటలు" అంది.

"సదువు. ఇప్పుడు నా ముంగట సదువు."

తెర వైపు చూస్తూ పచ్చిపులుసు ఎట్లా చేయాలో చదివింది. అక్కడ ఉన్నది అదేనా కాదా నాకెలా తెలుస్తుంది? నా ఇంట్లో, నా కళ్ల ముందు, నా గురించే రాసి ఉన్న గోడ లాంటిదది. నేను దాని ముందు గుడ్డివాణ్ణి. ఆ కోపం ఇప్పటికీ గుర్తుంది, పళ్ల చిగుళ్లలోంచి లేచింది. కీబోర్డు వైరుతో సహా పీకి చెంప మీద కొట్టాను. రెండో దెబ్బకు మీటలు ఊడి గదంతా చిందాయి. కనుబొమ్మ చీలి నెత్తురు కంట్లోకి దిగింది. అండాలు అడ్డం వస్తే ఆమెను మోచేత్తో గోడకు కొట్టాను. మంజుల ఏడవలేదు. నెత్తురు కొంగుతో అదుముకుని, సంచీలో నాలుగు జతలు కుక్కుకుని, గడప దాటేటప్పుడు ఒక్క మాట అంది. "నువ్వు సదవలేవు గాని ఊరంత సదువుతున్నది నాయనా." అశోక్‌నగర్లో ఆడపిల్లల హాస్టలుకు పోయింది. మా ఇంటి నుంచి నడిస్తే పావుగంట. అండాలు ఆ మధ్యాహ్నం చీపురుతో మీటలన్నీ ఊడ్చి, ఒక్కొక్కటి ఏరి, కడిగి, ఆరబెట్టింది. ఎందుకని నేను అడగలేదు.

చదువు నేర్చుకోవాలని నాకు బుద్ధి పుట్టింది అప్పుడు. జ్ఞానం కోసం కాదు. ఏం రాసిందో నా కళ్లతో నేను చూసుకోవాలి, ఆపైన దాని సంగతి చూడాలి. అంతే. అప్పటికి ప్రెస్సు మూతపడింది. ఎవరికీ తెలియకుండా నేర్చుకోవాలి కాబట్టి రాత్రి బడికి పోలేను. కొన్నాళ్ల ముందు అండాలు ఓటరు కార్డు కోసం శ్రావణి నెట్ సెంటర్లో దరఖాస్తు నింపించాను, ఆ పిల్ల మర్యాదగా మాట్లాడింది. అక్కడికే పోయాను. పొద్దున షట్టరు ఎత్తడం, ఊడ్వడం, నీళ్లు పట్టడం నేను చేస్తానని, బదులుగా అక్షరాలు నేర్పమని అడిగాను.

"ఇప్పుడెందుకు కాకా?" అంది.

"పేపరు సదవాలె."

"పేపరు కోసం ఇంత ఫికరా! నువ్వు జర గమ్మతు మనిషివే."

ఆమె నేర్పిన తీరు వేరు. పలక తేలేదు. మూలనున్న ఆరో నంబరు కంప్యూటరు నాకిచ్చింది. "బ్రౌజరంటే సైకిల్ అనుకో కాకా. కొన్నప్పుడు ఒట్టి సైకిలే వస్తది. బెల్లు, క్యారేజీ, డైనమో మనం పెట్టిచ్చుకోవాలె. గవే యాడాన్‌లు. పైసల్ ఇచ్చే పని లేదు, ఉత్తగనే దొరుకుతయి" అంది. మొదట అక్షరాలు పెద్దవి చేసేది ఒకటి పెట్టింది. తెర మీద ఒక్కో అక్షరం ఉల్లిగడ్డంత అయింది. తరువాత పేజీలో అటూ ఇటూ ఎగిరే బొమ్మలను, ప్రకటనలను ఊడ్చేసి ఒట్టి మాటలను మిగిల్చేది ఒకటి. దాన్ని చూస్తే నాకు మిషను మీద తుడిచి పెట్టిన సిరా పలక గుర్తొచ్చింది. మాట మీద బాణం ఆనిస్తే అర్థం చెప్పే నిఘంటువు ఒకటి. మూలన చిన్న గంట లాంటిది ఒకటి, మనకు కావలసిన బ్లాగులో కొత్తగా ఏదైనా రాస్తే ఎర్రగా వెలిగేది. అన్నిటికన్నా నన్ను మనిషిని చేసింది తెర మీద తెలుగు మీటల పెట్టె. బ్లాగులు రాసేవాళ్లు ఇంగ్లీషు మీటలు కొట్టి తెలుగు తెప్పించుకునేవాళ్లు. నాకు ఇంగ్లీషు అక్షరాలు ఒక్కటీ రావు. అందుకని అ నుంచి ఱ దాకా వరుసగా పేర్చిన ఆ పెట్టెను శ్రావణి వెతికి పెట్టింది. మౌసుతో క మీద నొక్కితే పైన క పడేది. గుణింతం నొక్కితే కకు దీర్ఘం మొలిచేది. నా కుడిచేతి రెండు వేళ్లు మిషనులో నలిగి వంకర పోయాయి, పెన్ను నిలవదు. మౌసు నిలిచింది. ఈనాటికీ నేను చేత్తో రాస్తే కోడి గీరినట్టుంటుంది.

ఇంకో యాడాన్ కూడా ఉండేది. అది నాకోసం పెట్టింది కాదు. పరీక్షల దరఖాస్తులు నింపే పిల్లల కోసం. ఒకసారి కొట్టిన పేరు, ఊరు, చిరునామా గుర్తుపెట్టుకుని, తరువాత ఏ పేజీలో ఖాళీ గడి కనిపించినా దానంతటదే నింపేది. దాని సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే ఇది రాసే పని పడేది కాదు.

నాలుగైదు నెలలకు కూడబలుక్కుని చదవడం వచ్చింది. దొంగతనంగా మంజుల బ్లాగు పేరు కనుక్కుని తెరిపించుకున్నాను. అది నా కూతురిదని శ్రావణికి చెప్పలేదు. "మంచిది సదువుతున్నవ్ కాకా. మా హాస్టల్ల అందరం సదువుతం. ఆ తండ్రి దొరకాలె గని!" అంది. నేను తెర వైపు తిరిగి కూర్చున్నాను.

ఒక్క పేజీకి నాకు నాలుగు రోజులు పట్టింది. నా జీవితంలో మొదటిసారి మొదటి నుంచి చివరిదాకా చదివింది అదే, నా భార్య మెడ కింది ఎముక నేను విరగ్గొట్టిన కథ. తలుపు సందులోంచి చూసిన పిల్ల రాసింది. అమ్మ నీళ్ల బిందెతో వస్తోంది, నాయన లేచాడు, చప్పుడు వచ్చింది, ఎండు కట్టె విరిగినట్టు. బిందె దొర్లుతూ పోయి నా కాళ్ల దగ్గర ఆగింది. దవాఖానలో అమ్మ బాత్రూములో జారిపడ్డానని చెప్పింది, నాయన పక్కనే నిలబడి 'సూసి నడవాలె' అన్నాడు. ఇదంతా నేను అక్షరం అక్షరం పట్టుకుని చదివాను. పరుగున చదివేవాళ్లకు దెబ్బ ఒక్కసారే తగులుతుంది. నేను క దగ్గర ఆగి, ట్టె దగ్గర ఆగి, విరిగినట్టు అనే మాట పూర్తి చేయడానికి ఒక మధ్యాహ్నం పట్టినవాణ్ణి. ఆ మధ్యాహ్నమంతా ఆ ఎముక విరుగుతూనే ఉంది.

సిగ్గుపడ్డానని రాయాలని ఉంది. అబద్ధం. నాకు కోపం వచ్చింది. బెల్టుతో కొట్టానని రాసింది. నేను బెల్టు పెట్టుకునే మనిషినే కాదు. అది ప్రెస్సు నుంచి తెచ్చిన చెక్క బద్ద. ప్రూఫులో తప్పు! జీవితమంతా విన్న అరుపు నా తలలో మోగింది. కింద వ్యాఖ్యలు రాసే గడిలో మౌసుతో ఒక్కో మీట నొక్కుతూ, "తప్పు. బెల్టు కాదు. చెక్క బద్ద" అని పెట్టి పంపాను. పేరు రాసే గడి నేను ముట్టలేదు. అందులో ఏవో ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి, అవి ఆ పేజీవే అనుకున్నాను. పేరు లేకుండా పంపాననుకుని, తప్పు దిద్దిన వాడి గర్వంతో టీ తాగాను.

రెండో రోజు గంట ఎర్రగా వెలిగింది. నా మాట కింద మంజుల జవాబు. "అమ్మా, నువ్వేనా? ఎవరితోని రాయిచ్చినవ్? ఎడమ చెవి ఇప్పుడెట్లుంది, చీము వస్తున్నదా? ఆయన ఇంట్ల లేని పూట చెప్పు. ఆటో తీస్కొని వచ్చి నిన్ను తెచ్చుకుంట. ఇగ ఆ ఇంట్ల ఉండొద్దు." ఇది చదవడానికి ఒక పూట పట్టింది. నన్ను అమ్మా అని ఎందుకు పిలిచింది? నాకు చదువు రాదు కాబట్టి చెక్క బద్ద సంగతి తెలిసిన ఇంకో మనిషి అండాలే అనుకుందని తేల్చుకున్నాను. నా భార్యను నా ఇంట్లోంచి ఎత్తుకుపోతుందట! వెంటనే "బాగున్నా. రావద్దు" అని కొట్టి పంపాను. ఎన్నోసార్లు చేత్తో కొట్టాను. వాటన్నిటికన్నా ఆ రెండు ముక్కలే పెద్ద దెబ్బ అని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలివి అనుకున్నాను.

అక్కడి నుంచి తిన్నగా ఇంటికి పోయాను, కొట్టడానికే. కూతురితో చాటుగా మాట్లాడుతోందని, చెవి గురించి చాడీలు చెప్పిందని. గడపలో నిలబడ్డాను. అండాలు పొయ్యి దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది, ఎడమ చెవి నా వైపు ఉంది. "అండాలూ" అన్నాను. వలుస్తూనే ఉంది. చెయ్యి లేచింది. అది లేచేటప్పుడు కిటికీ వెలుగులో నీడ గోడ మీద పడింది. ఆ నీడ చూసి ఆమె చప్పున తల రెండు చేతుల్లో దాచుకుంది. పిలుపు వినలేదు, నీడను చూసింది. ఆ రెండింటి మధ్య తేడా నాకు అప్పుడు కనబడింది. చదువు రాకముందు కనబడేది కాదేమో, నాకు తెలియదు. చెయ్యి దించాను.

ఆమె కుడి పక్కకు పోయి కూర్చున్నాను. "ఆ చెవి ఎప్పటిసంది వినస్తలేదు?"

వలుస్తున్న చిక్కుడుకాయ చేతిలోనే ఆగింది. ఏ జవాబు చెబితే ఎంత దెబ్బ పడుతుందో లెక్క చూసుకుంటోందని నాకు అర్థమైంది. చివరికి, "మంజులకు రెండో ఏడు. తువ్వాల తడిగ ఉన్నదని కొట్టలేదా" అంది.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఇంకోటి గూడ పోతుండె." చిక్కుడు నార తీసి పక్కన పెట్టింది. "మంచిదేనాయె. మంచి చెవి దిండుకు పెట్టి పండుకుంట. నీ తిట్లు వినరావు."

పాతికేళ్లు. పిలిస్తే పలకదని పాతికేళ్లు కొట్టాను. పలకలేకుండా చేసింది నేనే.

మరునాడు గంట మళ్లీ వెలిగింది. మంజుల రాసింది. "మా అమ్మ పుట్టినకాడి నుంచి బాగున్నా అని ఒక్కసారి అనలే. ఆయన పక్కన నిలబడి రాయిచ్చిండని తెలుస్తున్నది. బుధవారం పది గంటలకు వస్తున్న. ఆయన ఉన్నా సరే, హాస్టల్ నుంచి నలుగురం వస్తం." నేను దాని ముందు ఎంతసేపు కూర్చున్నానో, శ్రావణి వెనక నిలబడ్డది చూసుకోలేదు. ఆమె పైనున్న ఇంగ్లీషు అక్షరాలు చదివింది. "కాకా, అండాలెవరు? ఈ కామెంట్లు అండాలు పేరు మీదికెల్లి పొయినయి." దరఖాస్తు నింపిన రోజు అదే కంప్యూటరులో అండాలు పేరు కొట్టారు, ఆ తరువాత దాని మీద ఇంకెవరూ దరఖాస్తు నింపలేదు. ఆ యాడాన్ దాన్ని గుర్తుపెట్టుకుని, ఖాళీ గడి కనిపించగానే నింపేసింది. నాకు ఇంగ్లీషు రాదు కాబట్టి నా భార్య పేరు నా కళ్ల ముందే ఉన్నా నాకు కనబడలేదు.

శ్రావణి పేజీ పైకీ కిందికీ జరిపి చూసింది. నా వైపు చూసింది. "నువ్వేనా? ఆ మనిషివి నువ్వేనా?"

తల ఊపాను.

"నేను నీకు సదువు నేర్పిన. ఈ చేతులతోటి." మౌసు పీకి బల్లకేసి కొట్టింది, ముక్కలయింది. "బుధవారం నువ్వు ఇంట్ల ఉంటే ఈ యూపీఎస్ తోని నీ తల పగలగొడ్త. పోలీసోళ్లు వచ్చేదాంక గూడ ఆగ."

ఆ సాయంత్రం అండాలుతో, "మంజుల నిన్ను తీస్కపోతనంటున్నది. పోతవా?" అన్నాను, ఎన్నడూ లేనంత మెల్లగా. "నేనెందుకు పోత, నేనెక్కడికీ పోను" అంటూ గోడకు జరిగింది. మా ఇంట్లో నా మెత్తటి గొంతు తరువాత ఏం వచ్చేదో నాకన్నా ఆమెకే బాగా తెలుసు. పొమ్మని నేను చెబితే పోదు. ఉండమంటే ఉంటుంది, భయంతో. నేను లేనప్పుడే ఆమె దేన్నైనా తనంతట తాను తేల్చుకోగలదు. ఇదొక్కటే నాకు ఆరోజు అర్థమైన సంగతి. మరునాడు సెంటరుకు పోయి, పక్క కంప్యూటరు మౌసు తగిలించుకుని కూతురికి రాశాను, ఈసారి పేరు గడి శ్రావణితో తుడిపించి, నా పేరు తెలుగులో పెట్టి. "ఇది అమ్మ కాదు. నాయన. నాకు సదువొచ్చింది. బుధవారం ఇంట్ల ఉండ." జవాబు రాలేదు.

బుధవారం పొద్దున షట్టరు ఎత్తి ఆరో నంబరు ముందు కూర్చున్నాను. తొమ్మిదిన్నర అయ్యేసరికి కాళ్లు లేచాయి. నిజం చెబుతున్నాను, పరుగెత్తి పోయి ఆ ఆటో ముందు నిలబడి నలుగురినీ చితకగొట్టాలనిపించింది. పిడికిళ్లు బిగిసి గోళ్లు అరచేతిలో దిగాయి. ఆ పిడికిళ్లు చూసి శ్రావణి కుర్చీ నా తొడకు ఆనించి అడ్డం పెట్టింది. "కూసో. ఆ ఎముక ముచ్చట సదువు. లోపల గాదు, గట్టిగ." గదిలో పదిమంది పిల్లలు దరఖాస్తులు నింపుతున్నారు. చదవడం మొదలుపెట్టాను. కూడబలుక్కుంటూ, ఆగుతూ, వెనక్కి పోతూ. మొదట ఎవరూ పట్టించుకోలేదు. బిందె దొర్లే చోటికి వచ్చేసరికి మీటల చప్పుడు ఆగిపోయింది. 'సూసి నడవాలె' అన్న మాట చదివాక మహబూబ్‌నగర్ పిల్లగాడు ఒకడు, "ఎవడు కాకా ఆ లుచ్చా?" అన్నాడు.

"నేనే" అన్నాను.

వాడు లేచి వచ్చి నన్ను కొడతాడనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. వాడు తన కాగితాలు తీసుకుని బయటికి పోయాడు. వాడి వెనక ఇంకో ఇద్దరు పోయారు. శ్రావణి, "ఆపకు, సదువు" అంది. పదకొండు దాటేదాకా చదివాను.

అప్పటికీ ఇప్పటికీ చాలా మారింది. ఇప్పుడు ఫోను ముందు నోటితో మాట్లాడితే అదే రాసి పెడుతుంది, రాసింది అదే చదివి వినిపిస్తుంది. నాలాంటివాడు చదువు నేర్చుకోవలసిన అవసరమే లేదు. ఇంత సులువు అయి ఉంటే ఆ పేజీని ఏదో ఆడగొంతు మూడు నిమిషాల్లో చదివేసేది, నేను విని, తిట్టి, మరిచిపోయేవాణ్ణి. నాలుగు రోజులు పట్టబట్టే అది నాకు అంటుకుంది. మా పోర్షను పక్కన ఇప్పుడు కొత్తగా దిగిన జంట ఉంది. ఇద్దరూ కంపెనీ ఉద్యోగులు, ఇద్దరికీ నాలుగు భాషలు వచ్చు. వారానికి ఒకసారి గోడ అవతల దబ్ మని చప్పుడు వస్తుంది, ఆ తరువాత టీవీ గొంతు పెరుగుతుంది. నేను పోయి తలుపు కొడతాను. "ఏం కావాలి అంకుల్" అంటాడు. "నేను గూడ కొట్టేటోణ్ణి బాబూ. జర ఆ అమ్మాయిని ఒకసారి బయటికి పిలువు" అంటాను. ఒకసారి నా మొహం మీద తలుపు వేశాడు, ఇంకోసారి నన్ను మెట్ల మీదికి తోశాడు. మళ్లీ పోతాను. అండాలు రాంనగర్లో మంజుల దగ్గరే ఉంటుంది. చెవికి మిషను పెట్టించుకుంది. ఎప్పుడైనా ఆదివారం పోతే మంజుల కుర్చీ వేస్తుంది, టీ ఇస్తుంది, లోపలికి రమ్మనదు. కనుబొమ్మ మీద గీత తెల్లగా ఉంటుంది. నేను క్షమించమని అడగలేదు. అడిగితే వాళ్లకు అదొక పని పెట్టినట్టవుతుంది.

ఆ బుధవారం మధ్యాహ్నం దాటాక ఇంటికి పోయాను. తలుపు గొళ్లెం పెట్టి ఉంది. లోపల ఆమె చీరలు లేవు, పీట కింద చెప్పులు లేవు. చిత్రం ఏమిటంటే, నేను ఏడవలేదు, కూర్చోలేదు, వెతకడం మొదలుపెట్టాను. ఆమె ఏడో తరగతి చదివింది కదా, నాకూ చదువొచ్చింది కదా, ఏదో ఒక ముక్క రాసి పెట్టి ఉంటుందని. బియ్యం డబ్బా మూత తీశాను. దిండు కింద చూశాను. దేవుడి పటం వెనక, క్యాలెండరు వెనక, పప్పుల డబ్బాల కింద, పొయ్యి గట్టు మీద. తిట్టి ఉన్నా సరే, నువ్వు చావు అని ఉన్నా సరే, నా పేరు మీద ఆమె చేతిరాత ఒక్క ముక్క దొరికితే చాలనుకున్నాను. పొట్లాల కాగితాలు కూడా విప్పి రెండు వైపులా చదివాను. పొద్దు గుంకేదాకా వెతికి, చెమటతో నేల మీద కూలబడ్డాక అప్పుడు తట్టింది. నాకు చదువు వచ్చిందన్న సంగతి నేను అండాలుకు చెప్పనే లేదు.